రెండో టచ్

వాలీబాల్ కోర్టులో ఒక పక్క ఆరుగురు ఆడతారు. బంతి ఆరుగురికీ వస్తుంది కానీ, ఇంచుమించు ప్రతి ర్యాలీలోనూ చేరేది ఒక్కరి దగ్గరికే. ఆ ఒక్కరు సెట్టర్. పల్లెల్లో కొన్నిచోట్ల లిఫ్టర్ అని కూడా అంటారు. అవతలి నుంచి వచ్చిన సర్వీసును ఒకరు అందుకుంటారు, చివరికి ఇంకొకరు ఎగిరి స్మాష్ కొడతారు. ఆ రెంటి నడుమ ఉండే రెండో టచ్ సెట్టర్‌ది. ఒక సెట్ 25-20తో ముగిసిందంటే 45 ర్యాలీలు జరిగినట్టు. వరుసగా మూడు సెట్లలో మ్యాచ్ తేలిపోయినా 135 ర్యాలీలు. సర్వీసులోనే పోయినవాటిని, బంతి తన దాకా రాకుండా ముగిసినవాటిని తీసేసినా సెట్టర్ తీసుకోవలసిన నిర్ణయాలు పదుల సంఖ్యలో మిగులుతాయి. ఒక్కోదానికి దొరికే వ్యవధి సెకను, మహా అయితే సెకనున్నర. ఎడమ చివరన ఉన్నవాడికి ఎత్తుగా వేయాలా, మధ్యలో క్విక్ ఇవ్వాలా, వీపు వెనకకు తిప్పి వేయాలా, లేక తనే వల మీంచి అవతలికి నెట్టేయాలా? స్మాష్ బ్లాక్‌లో చిక్కితే కొట్టినవాడిని ఎవరూ ఏమీ అనరు. "ఏమిరా ఆ లిఫ్టు" అని గీత బయటి నుంచి వచ్చే కేక సెట్టర్‌కే తగులుతుంది. మొదటి పాస్ చెడి బంతి వల దగ్గరికే రాకపోయినా మాట పడేది అతనే.

పద్దెనిమిది, పందొమ్మిదేళ్లకు కాలేజీ జట్టులో ఈ చోటికి వచ్చే పిల్లవాడు మొదటి ఏడాది తప్పుల మీద తప్పులు చేస్తాడు. చేసి తీరతాడు. ఆ తప్పుల్ని చూసి మనం తేల్చేసే తీర్పు, వీడికి చేతకాదన్నది, చాలాసార్లు తొందరపాటు. సెట్టర్‌కి చేతివాటం కంటే ముందు చూపు కావాలి. చూపు నిజమైన మ్యాచ్‌ల్లో తప్ప ఇంకెక్కడా రాదు. తిరుపతిలో, చిత్తూరులో కాలేజీ ఆటలు నడిచే తీరు అతనికి ఆ మ్యాచ్‌లనే ఇవ్వడం లేదు. ఈ ఒక్క మాట నిలబెట్టడానికే ఈ కథనం. దీనికి సాక్ష్యం కొంత మన ఊళ్లోనే ఉంది, కొంత పసిఫిక్ అవతల ఉంది. ముందు అక్కడిది చూద్దాం. ఎందుకంటే కుర్ర ఆటగాడి తప్పుల్ని, అతను కుదురుకున్న తీరుని ఆటాట లెక్కకట్టి రాసిపెట్టుకున్న చోటు అది.

తిరుపతి, చిత్తూరు, మదనపల్లె ఇళ్ల నుంచి టెక్సస్‌కి, ఒహాయోకి చదువులకు వెళ్లిన పిల్లలు ఎందరో. శనివారం వస్తే వాళ్ల యూనివర్సిటీ స్టేడియంలో లక్ష మంది జనం నిండుతారు. ఆడేది అమెరికన్ ఫుట్‌బాల్, మన ఫుట్‌బాల్‌తో పేరు తప్ప పెద్దగా పోలిక లేని ఆట. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో విసురుతారు, పట్టుకుని పరుగెత్తుతారు, అడ్డొచ్చినవాణ్ణి కింద పడేస్తారు. ప్రతి ఎత్తూ మొదలయ్యేది క్వార్టర్‌బ్యాక్ అనే ఒక్క ఆటగాడి చేతిలో. బంతి అందిన రెండు మూడు సెకన్లలో ఎవరికి విసరాలో, తనే పరుగెత్తాలో, ఆశ వదులుకుని బయటికి పారేయాలో అతను తేల్చుకోవాలి. ఈలోపు వంద కిలోలకు పైబడిన మనుషులు అతని మీదికి దూకుతూ ఉంటారు. జట్టు గెలిస్తే పేరు అతనిది, ఓడితే నిందా అతనిదే. మన సెట్టర్ మీదికి ఎవరూ దూకరన్నది నిజమే గానీ, తక్కిన కష్టమంతా ఒక్కటే. ఇద్దరూ ఇతరుల పని ఫలించేలా చేసేవాళ్లు. ఇద్దరి స్థానంలోనూ ఒకేసారి ఒక్కరే ఆడగలరు.

ఆ స్థానంలో ఈమధ్య అందరూ చూసిన కుర్రవాడు ఆర్చ్ మ్యానింగ్. తాత ఆర్చీ, బాబాయిలు పేటన్, ఈలై ముగ్గురూ పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్‌లే. 2023లో టెక్సస్ యూనివర్సిటీలో చేరిన ఆర్చ్ రెండేళ్లపాటు సీనియర్ క్విన్ యూవర్స్ వెనక ఎక్కువగా బెంచీ మీదే ఉన్నాడు. 2025లో స్థానం తనదైంది. సీజను మొదలవకముందే టెక్సస్‌కి దేశంలో మొదటి ర్యాంకు ఇచ్చారు. ఆగస్టు 30న మొదటి మ్యాచ్‌లోనే ఒహాయో స్టేట్ చేతిలో 14-7తో ఓడిపోయారు. రెండు వారాల తర్వాత చిన్న జట్టుపై గెలిచారు కానీ, ఆర్చ్ విసిరిన 25 బంతుల్లో చేరాల్సినవాళ్లకు చేరినవి 11. సొంత జనమే సొంత స్టేడియంలో అతన్ని గేలి చేశారు. అక్టోబరు 4న ఫ్లోరిడా చేతిలో 29-21తో మరో ఓటమి. అక్కడితో ఆపి తీర్పు చెబితే, ఇంటిపేరు తప్ప ఏమీ లేని కుర్రవాడనేవాళ్లు. నిజానికి చాలామంది అన్నారు కూడా. కానీ ఆటలు ఇంకా మిగిలి ఉన్నాయి. నవంబరు 28న అదే కుర్రవాడు, అప్పటిదాకా ఆ ఏడాది ఓటమి ఎరుగని టెక్సస్ ఏ అండ్ ఎం జట్టుపై 27-17తో తన జట్టును గెలిపించాడు. మూడు నెలల్లో అతనికి కొత్తగా భుజబలం పెరిగిందా? అదే చెయ్యి, అదే ఎత్తు. ఎదురు జట్టు ఎలా నిలబడింది, ఎవడు ఎటు కదలబోతున్నాడు అన్నది ముందే పసిగట్టడం ఆగస్టులో కంటే నవంబరులో బాగా వచ్చింది. మధ్యలో దొరికిన పది మ్యాచ్‌ల ఫలం అది.

చూపు అని పదేపదే అంటున్నది ఊరికే కవితాత్మకంగా కాదు. 1973లో విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చదరంగం ఆటగాళ్లపై ఒక పరీక్ష చేశారు. నిజమైన ఆట నడుమ ఉన్న బల్లను ఐదు సెకన్లు చూపించి, పావుల్ని మళ్లీ అలాగే పెట్టమన్నారు. ఆరితేరిన ఆటగాడు చాలావరకు సరిగ్గా పెట్టాడు, కొత్తవాడు నాలుగైదు పావులకే తడబడ్డాడు. తర్వాత పావుల్ని ఇష్టమొచ్చినట్టు చెల్లాచెదురుగా పెట్టి చూపించారు. అప్పుడు ఇద్దరికీ పెద్ద తేడా లేకపోయింది. అంటే ఆరితేరినవాడి గొప్ప జ్ఞాపకశక్తిలో లేదు, వేల ఆటల్లో చూసిన అమరికల్ని గుంపులుగా గుర్తుపట్టడంలో ఉంది. సెట్టర్ పని కూడా సరిగ్గా ఇదే. అవతలి బ్లాకర్ బరువు ఏ కాలి మీద ఉంది, తన స్పైకర్ పరుగు ఎక్కడిదాకా వచ్చింది, మొదటి పాస్ ఏ ఎత్తులో వస్తోంది, ఇవన్నీ విడివిడిగా చూసి కూడుకునేంత సమయం సెకనులో ఉండదు. ఒక్క చూపులో ఒక్క ముక్కగా కనిపించాలి. అలా కనిపించాలంటే అలాంటివి ముందు వందల సార్లు చూసి ఉండాలి, వాటిలో చాలాసార్లు తప్పుగా చూసి ఉండాలి. పొద్దున ఆరింటికి గోడకేసి బంతి ఆడిస్తే వేళ్లు కుదురుకుంటాయి. గోడ బ్లాకు వేయదు కదా.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. ఓపిక పడితే ప్రతి కుర్రవాడూ మొనగాడవుతాడని ఎవరూ హామీ ఇవ్వలేరు. 1998లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ మొదటి ఎంపిక పేటన్ మ్యానింగ్, రెండో ఎంపిక ర్యాన్ లీఫ్. ఆ ఏడు పేటన్ విసిరిన బంతుల్లో 28 నేరుగా ప్రత్యర్థుల చేతుల్లో పడ్డాయి. కొత్త ఆటగాడి తప్పుల్లో ఇప్పటికీ అదే రికార్డు. జట్టు 3 గెలిచి 13 ఓడింది. లీఫ్ కూడా పదే పదే తప్పులు చేశాడు, అతని జట్టు కూడా ఓడింది. మరుసటి ఏడు పేటన్ జట్టు 13 గెలిచి 3 ఓడింది. లీఫ్ కొద్ది ఏళ్లకే ఆట నుంచి తప్పుకున్నాడు. గాయాలు, మనసు కుదురు లేకపోవడం, చుట్టూ ఉన్నవాళ్ల తీరు, అన్నీ కలిసి అతన్ని దించేశాయి. తప్పుల సంఖ్య ఒక్కటే చూస్తే 1998 డిసెంబరులో వీళ్లిద్దరిలో ఎవరు నిలుస్తారో చెప్పడం కష్టం. తప్పు ఎలాంటిది, అదే తప్పు మళ్లీ వస్తోందా, కొత్త తప్పు వస్తోందా అన్నది చూడాలి. కొత్త తప్పులు చేస్తున్నవాడు ఎదుగుతున్నాడు. ఈ తేడా ఒక్క మ్యాచ్‌లో ఎవరికీ తెలియదు. రెండింట్లో కూడా తెలియదు.

జో బరో కథలో ఇంకో సంగతి ఉంది. ఒహాయో స్టేట్‌లో మూడేళ్లు ఉండి కూడా ప్రధాన ఆటగాడు కాలేక, 2018లో లూసియానా స్టేట్‌కి మారాడు. ఆ ఏడు అతని పాస్‌లు వందకు 58 దాకా మాత్రమే చేరాయి, స్కోరు తెచ్చినవి 16. పరవాలేదనిపించే ఆటగాడు, అంతే. మరుసటి ఏడు వందకు 76 చేరాయి, స్కోరు తెచ్చినవి 60, జట్టు ఆడిన 15 మ్యాచ్‌లూ గెలిచింది. 2020లో ప్రొఫెషనల్ లీగ్‌కి మొదటి ఎంపిక అతనే. ఇదంతా అతని ఎదుగుదలే అనడం సరికాదు. ఆ రెండో ఏడు జట్టులోకి కొత్త శిక్షకుడు వచ్చాడు, ఆట పద్ధతే మారింది, బంతి అందుకునేవాళ్లు మేటి ఆటగాళ్లు. అయినా ఆ పద్ధతి మార్పు ఫలించింది 2018లో 13 మ్యాచ్‌ల దెబ్బలు తిన్నవాడి చేతిలో. కుర్రవాడి ఎదుగుదల అతనొక్కడిలో జరిగేది కాదు. చుట్టూ ఉన్న ఏర్పాటు అతనితోపాటు కదలాలి.

ఆ ఏర్పాటులో ఒకటి చిత్తూరు జిల్లా మామిడి రైతుకు చెప్పకుండానే అర్థమవుతుంది. అంటు మొక్క నాటిన మొదటి రెండు మూడేళ్లు పూత వచ్చినా రైతు తుంచేస్తాడు. కాయ మీద ఆశ లేక కాదు, లేత కొమ్మ బరువు మోయలేదని, వేరు దిగాలని. అమెరికా కాలేజీ ఆటల్లో రెడ్‌షర్ట్ అనే పద్ధతి ఉంది. ఐదేళ్ల గడువులో నాలుగేళ్లు ఆడే హక్కు ఉంటుంది, ఒక ఏడు పక్కన కూర్చుని సాధన మాత్రమే చేసినా ఆ హక్కు తరిగిపోదు. 2018లో ఫుట్‌బాల్‌లో, అలా కూర్చున్న ఏడాదిలో కూడా నాలుగు మ్యాచ్‌ల దాకా ఆడనిచ్చేలా నియమాన్ని సవరించారు. ఆ సవరణ వెనక ఆలోచన బాగుంది. పక్కన కూర్చోబెట్టడం ఒక్కటే చాలదు, కాస్తకాస్త నిజమైన ఆట రుచి చూపించాలి.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పుట్టింది 1954లో. ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ అంతకంటే తొమ్మిదేళ్లు పెద్దది, 1945 నాటిది. చిత్తూరులో పీవీకేఎన్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. ఆటల మీద మక్కువ ఈ ప్రాంతానికి కొత్త కాదు. సంక్రాంతికి పల్లెల్లో రెండు గుంజలు పాతి, వల కట్టి, దీపాలు పెట్టి రాత్రంతా వాలీబాల్ ఆడే ఊళ్లు ఉన్నాయి. అలాంటి ఊరి నుంచి ఒక పిల్లవాడు ఇంటర్ ముగించి తిరుపతిలో డిగ్రీలో చేరాడనుకుందాం. ఏడాదికి ఒకసారి అంతర్ కళాశాలల పోటీలు జరుగుతాయి. సాధారణంగా నాకౌట్. పదహారు జట్లు వచ్చాయంటే మొదటి రోజు మధ్యాహ్నానికల్లా ఎనిమిది జట్లు ఒక్క మ్యాచ్ ఆడి బస్సెక్కుతాయి. ఫైనల్ గెలిచిన జట్టు కూడా ఆడేది నాలుగే మ్యాచ్‌లు. అక్కడ కనిపించినవాళ్ల నుంచి యూనివర్సిటీ జట్టుకు పన్నెండు మందిని తీస్తారు, అందులో సెట్టర్లకు దక్కేవి ఒకటి రెండు చోట్లు. తర్వాత సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు. అవీ మొదట నాకౌట్, చివరి నాలుగు జట్లకు మాత్రమే లీగ్. మొదటి రౌండులోనే బలమైన జట్టు ఎదురైతే ఏడాది అక్కడితో సరి.

లెక్క వేసి చూడండి. ఓ మోస్తరు కాలేజీ సెట్టర్‌కి ఏడాదికి అసలైన మ్యాచ్‌లు ఒకటో రెండో. మూడేళ్ల డిగ్రీలో మహా అయితే ఆరు. ఆర్చ్ మ్యానింగ్ ఒక్క శరత్కాలంలో ఆడినదాంట్లో సగం. పైగా మొదటి ఏడాది ఆ ఒకటి రెండు మ్యాచ్‌లు కూడా అతనికి రావు. కాలేజీ ఫిజికల్ డైరెక్టర్, అంటే పీడీ సార్ ఏం చేస్తారు? ఓడితే జట్టు ఇంటికి పోవాలి, మూడో ఏడాది పిల్లలకు అదే చివరి అవకాశం. అలాంటప్పుడు కొత్తవాడి చేతికి రెండో టచ్ ఇవ్వడానికి మనసు ఒప్పదు. పీడీ స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు, ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. స్పైకర్ల విషయం వేరు, ఒక సీనియర్ పక్కన ఇద్దరు జూనియర్లు ఆడొచ్చు. ఒకే సెట్టర్ ఆరు స్థానాలూ తిరుగుతూ ఆడించే ఐదు-ఒకటి పద్ధతిలో రెండో సెట్టర్‌కి బెంచీ తప్ప గతి లేదు. నాకౌట్ అనే ఏర్పాటు సెట్టర్‌ని అందరికంటే ఎక్కువగా దెబ్బ తీస్తోంది.

ఇందులో బాధ కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. తిరుపతిలో ఎన్ని విద్యాసంస్థలు పక్కపక్కన ఉన్నాయో ఒకసారి తలచుకోండి. ఎస్వీ యూనివర్సిటీ, దాని పక్కనే 1983లో పెట్టిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం, వ్యవసాయ కళాశాల, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, టీటీడీ నడిపే డిగ్రీ కాలేజీలు, ఇంజినీరింగ్ కాలేజీలు, ఏర్పేడు వైపు 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్, చంద్రగిరి దాటాక మోహన్‌బాబు యూనివర్సిటీ. రాష్ట్రంలో ఇన్ని రకాల సంస్థలు ఇంత దగ్గరగా ఉన్న ఊరు అరుదు. అయినా ఈ జట్లు ఒకదానితో ఒకటి తలపడే సందర్భాలు తక్కువ, ఎందుకంటే ఒక్కోటీ ఒక్కో గొడుగు కింద ఉంది. డిగ్రీ కాలేజీ పిల్లవాడు ఎస్వీయూ పోటీలకు పోతాడు. అదే వీధిలో ఉంటూ జేఎన్‌టీయూ అనంతపురం కింద ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలో చదివే పిల్లవాడు ఆ యూనివర్సిటీ పోటీలకు పోతాడు. ఐఐటీ వాళ్లకు ఐఐటీల మధ్య పోటీలు. పది కిలోమీటర్లలోపు ఉన్న ఇద్దరు సెట్టర్లు చదువు ముగిసేదాకా ఒకరికొకరు ఎదురుపడకుండానే వెళ్లిపోతారు. లోటు పిల్లల్లో లేదు, మైదానాల్లో లేదు. జట్లను కలిపే క్యాలెండరు లేదు.

దీనికి వచ్చే అభ్యంతరాలు చిన్నవి కావు. మొదటిది డబ్బు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ అంటే లక్షమంది పట్టే స్టేడియాలు, టీవీ ఒప్పందాలు, 2021 నుంచి ఆటగాళ్లకు ప్రకటనల ద్వారా వచ్చే సంపాదన. ఆ పోలిక మన కాలేజీలకు ఎలా నప్పుతుంది? నప్పదు, నప్పాల్సిన అవసరమూ లేదు. అక్కడి నుంచి తెచ్చుకోవలసింది స్టేడియం కాదు, సీజను అనే ఊహ. వారానికో మ్యాచ్, ఓడినా వచ్చే వారం మరో మ్యాచ్. వాలీబాల్‌కి కావలసింది పద్దెనిమిది మీటర్ల పొడవు, తొమ్మిది మీటర్ల వెడల్పు నేల, రెండు గుంజలు, వల, రెండు బంతులు, విజిల్ పట్టుకునే ఒక మనిషి. అవతలి కాలేజీకి సిటీ బస్సులో పోవచ్చు. సౌత్ జోన్ పోటీలకు జట్టును ఒకసారి దూరప్రాంతానికి పంపే ఖర్చుతో పోలిస్తే ఊళ్లో లీగ్ ఖర్చు ఏమంత పెద్దది కాదు.

రెండో అభ్యంతరం చదువు. సెమిస్టర్, అటెండెన్స్, బ్యాక్‌లాగ్ మధ్య పిల్లవాడికి ఆటలు ఎందుకన్న తల్లిదండ్రుల భయంలో నిజం ఉంది. ఆట అన్నం పెట్టేది కొందరికే. అయితే ఏడాదికి పద్నాలుగు మ్యాచ్‌లు, ఒక్కోదానికి రెండు గంటలు అనుకున్నా 28 గంటలు. శనివారం సాయంత్రాల్లో ఇమిడిపోయే సమయం. ఇప్పటి పద్ధతిలోనైతే పోటీల కోసం వరుసగా రోజుల తరబడి తరగతులు మానాలి, పరీక్షలు దగ్గర పడితే రెంటి మధ్య నలగాలి. ఇంకో వైపు నుంచి చూడండి. రాష్ట్ర ప్రభుత్వ క్రీడా విధానం ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. ఆ కోటాకు లెక్కలోకి వచ్చే సర్టిఫికెట్లలో కొన్ని అంతర్ విశ్వవిద్యాలయ స్థాయి ఆటతో ముడిపడి ఉంటాయి. ఒక జీవితపు దారిని ఏడాదికి రెండు మ్యాచ్‌ల మీద తేల్చడం ఆ పిల్లవాడికి న్యాయమా?

మూడోది చాలామంది శిక్షకులు మనస్ఫూర్తిగా నమ్మే మాట: నాకౌట్ ఒత్తిడే ఆటగాణ్ణి రాటుదేలుస్తుంది, లీగ్‌లో ఓడినా పరవాలేదంటే పదును పోతుంది. దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఒత్తిడి కావాలి, చివర్లో నాకౌట్ ఉండాలి కూడా. కానీ ఇదే తిరుపతిలో ఇంటర్ పిల్లల్ని ఎంట్రన్స్ పరీక్షకు ఎలా తయారు చేస్తున్నారో గమనించండి. వారానికో టెస్టు, నెలకో గ్రాండ్ టెస్టు. మొదటి టెస్టులో 300కి 90 వస్తే పిల్లవాణ్ణి చదువు మానిపించరు. ఏ లెక్క ఎందుకు తప్పిందో చూసి మళ్లీ చేయిస్తారు. తప్పు అక్కడ తయారీలో భాగం. అదే పిల్లవాడు అదే సాయంత్రం కోర్టులో చేసిన మొదటి తప్పుకు, వీడికి ఆట రాదు అని తీర్పు. మోడల్ పరీక్ష ఒక్కటీ పెట్టకుండా నేరుగా ఫైనల్ పరీక్ష రాయించి, ఒత్తిడిలో రాటుదేలుతాడని ఏ తల్లీ తండ్రీ ఒప్పుకోరు. ఆటలో మాత్రం ఎందుకు ఒప్పుకుంటున్నాం?

ఇక నాలుగోది: అమెరికాలోనే ఓపిక పోతోంది కదా. 2018లో ఆటగాళ్లు కాలేజీ మారడానికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, 2021లో మారిన వెంటనే ఆడే వీలు కల్పించారు, ఇప్పుడు రెండేళ్లు బెంచీ మీద ఆగే క్వార్టర్‌బ్యాక్‌లు తగ్గిపోతున్నారు. నిజమే. ఆర్చ్ మ్యానింగ్ ఆగడం అందుకే వార్త అయింది. కానీ ఆ మారేవాళ్లు దేనికోసం మారుతున్నారు? డబ్బుతోపాటు, మ్యాచ్‌ల కోసం. బరో మారిందీ అందుకే. కుర్ర ఆటగాడికి అన్నిటికంటే ముందు ఆడే చోటు కావాలన్న సంగతిని ఆ పోర్టల్ ఇంకా గట్టిగా చెబుతోంది. మన పిల్లవాడికి ఆ దారీ లేదు. అడ్మిషన్ ఒకసారి అయ్యాక కాలేజీ మారడం అంత సులువు కాదు. ఉన్నచోటే మ్యాచ్‌లు దొరకాలి.

అమ్మాయిల సంగతి విడిగా చెప్పకపోతే ఈ వాదం కుంటుతుంది. వాళ్ల వల ఎత్తు 2.24 మీటర్లు, అబ్బాయిలది 2.43. నిర్ణయం తీసుకునే సెకను మాత్రం ఇద్దరికీ ఒక్కటే. కానీ డిగ్రీ తర్వాత ఆటలో కొనసాగే వ్యవధి అమ్మాయికి చాలా ఇళ్లలో తక్కువ. హాస్టల్ వేళలు, దూర ప్రయాణాలపై ఇంట్లో అభ్యంతరాలు, పెళ్లి మాటలు. అంచేత దూరం పోనక్కర్లేని, సాయంత్రం ఆరింటికల్లా ముగిసే ఊరి లీగ్ వల్ల అబ్బాయిల కంటే అమ్మాయిలకే ఎక్కువ మేలు. అవకాశం దొరికితే రాయలసీమ ఆడపిల్ల ఏం చేయగలదో పొరుగున ఉన్న కడప జిల్లా శ్రీచరణి చూపించింది. 2025 మహిళల వన్డే ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసినప్పుడు ఆమెకు 21 ఏళ్లు. ఆ కప్పులో మొదట అన్ని జట్లూ ఒకదానితో ఒకటి ఆడే లీగ్ ఉంది. భారత్ వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడి కూడా సెమీస్ చేరి, కప్పు గెలిచింది. మొదటి ఓటమితోనే ఇంటికి పంపే పోటీ అయ్యుంటే నవంబరు 2 రాత్రి సంబరం మనకు ఉండేదే కాదు.

జరగవలసింది పెద్ద పథకం ఏమీ కాదు. తిరుపతిలో ఎనిమిది సంస్థలు గొడుగుల తేడా మరిచి ఒప్పుకుంటే, ఒక్కో జట్టు తక్కిన ఏడింటితో సొంత మైదానంలో ఒకసారి, వాళ్ల మైదానంలో ఒకసారి ఆడితే, పద్నాలుగు మ్యాచ్‌లు. మూడేళ్లకు నలభై రెండు. చిత్తూరులో నాలుగైదు కాలేజీలతో చిన్నదొకటి మొదలుపెట్టి, చివర్లో రెండు ఊళ్ల పై జట్లకు నాకౌట్ పెట్టొచ్చు. ఎవరి అధికారిక పోటీలు వాళ్లకు ఉండనే ఉంటాయి. లీగ్‌లో ఓటమికి ప్రాణం పోదు కాబట్టి పీడీ ధైర్యం చేయగలరు. ఇద్దరు సెట్టర్లు వంతులవారీగా ఆడించే ఆరు-రెండు పద్ధతిని మొదటి సగంలో వాడితే సీనియర్ చోటు పోదు, జూనియర్‌కి ప్రతి మ్యాచ్‌లో సగం బంతులు దొరుకుతాయి. ఈ మ్యాచ్‌లకు స్కోరు షీటుతోపాటు ఇంకో కాగితం కావాలి. సెట్టర్ చేతిలో పోయిన ప్రతి పాయింటుకూ మూడు గడుల్లో ఒకదాంట్లో గీత: పాస్ చెడిందా, చెయ్యి తప్పిందా, ఎంపిక తప్పిందా. బెంచీ మీద ఉన్న ఏ పిల్లవాడైనా రాయగలిగిన పని. ఆగస్టులో మొదలుపెట్టి ఫిబ్రవరి దాకా ఆ కాగితాలు దాచి, పీడీ, సెట్టర్ ఒక సాయంత్రం పక్కపక్కన పరచుకుని కూర్చుంటే, మూడో గడిలో గీతలు నెలనెలకూ ఎలా కదిలాయో ఇద్దరికీ కనిపిస్తుంది. వచ్చే ఏడాది రెండో టచ్ ఎవరికివ్వాలో అప్పుడు మాట్లాడుకోవచ్చు.